అందరికీ ఈత వచ్చిన గల్లీ

నౌకరీ కోసం తిరుగుతున్న పిల్లలు ఇప్పటికీ నన్ను ఆపి అడుగుతుంటారు, "అంకుల్, సీవీ ఎట్ల రాయాలె?" అని. ఇరవై ఎనిమిదేళ్లు హుస్సేనీ ఆలంలో ఒక జిరాక్సు, డీటీపీ దుకాణంలో కూర్చుని పాతబస్తీ జనం బయోడేటాలు కొట్టినవాణ్ని కదా, ఆ విద్య నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం పాడుచేయడం ఇష్టం లేక ఏదో ఒకటి చెప్పి పంపిస్తుంటాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, పోయే పరువు కూడా పెద్దగా లేదు కాబట్టి నిజం చెప్తాను. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ముప్పాతిక భాగం నేను రాసింది ఒకే ఒక్క సీవీ. దాన్నే అందరికీ పంచాను.

దుకాణం చాలా చిన్నది. ముగ్గురు గిరాకీలు లోపల నిలబడొచ్చు, నాలుగోవాడు ఎక్కాలంటే మొదటివాడు దిగాలి. ఓనరును ఊరంతా భాయ్ అనేది, నేనూ అదే అనేవాణ్ని. ఉర్దూ పెళ్లికార్డులు ఆయన చూసుకునేవాడు, ఇంగ్లిషూ తెలుగూ నా వంతు. మా దగ్గర రెండు రకాల బయోడేటాలు తయారయ్యేవి. ఒకటి పెళ్లి సంబంధాలకు, ఒకటి నౌకరీలకు. రెండింటికీ భాయ్ చెప్పే సూత్రం ఒక్కటే: "ఆటే మే నమక్, బస్." పిండిలో ఉప్పు ఎంతో, కాగితంలో అబద్ధం అంతే ఉండాలని. సంబంధాల కాగితాల్లో ఆయన ఆ మాట మీద నిలబడ్డాడు, పెళ్లికొడుకు ఎత్తు ఒక్క అంగుళానికి మించి ఏనాడూ పెంచలేదు. నౌకరీ కాగితాల్లో నేను మాత్రం ఉప్పులోనే ఇంత పిండి కలిపాను.

అంతా ఒక మంచిమనిషితో మొదలైంది. దుకాణానికి కంప్యూటరు వచ్చిన కొత్తల్లో మా గల్లీ చివర ఉండే ఒకాయన బయోడేటా కొట్టించుకున్నాడు. ఆయనకు నిజంగానే ఈత వచ్చు, చిన్నప్పుడు బావిలో దూకి నేర్చుకున్నాడు. మెడలో ఎప్పుడూ కెమెరా వేలాడుతుండేది. అందుకని హాబీలు అన్నచోట స్విమ్మింగ్, ఫోటోగ్రఫీ అని పెట్టాను. పైన ఆబ్జెక్టివ్ అని ఒకటి ఉండాలన్నారు కాబట్టి ఏదో గైడు ముందు పెట్టుకుని, సవాళ్లున్న చోట పనిచేస్తూ సంస్థతో పాటు తానూ ఎదగాలనుకుంటున్నాడని ఇంగ్లిషులో మూడు లైన్లు వాయించాను. నెల తిరగకుండానే ఆయనకు దుబాయ్‌లో పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చింది. పోయేముందు మిఠాయి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, దుకాణం ముందు పదిమంది వింటుండగా, "తుమారే కాగజ్ మే బర్కత్ హై మియా" అన్నాడు. కాగితంలో బర్కత్, అంటే కలిసొచ్చే గుణం, ఉందన్న ఆ ఒక్క మాట ఆయన అనకుండా విమానం ఎక్కి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

మిఠాయి అయిపోకముందే ఒక బండి మెకానిక్ వచ్చాడు.

"దుబాయ్ పోయినాయనది కొట్టినవ్ గదన్నా, నాకు గదే కొట్టు. పేరు మార్చు, సాలు."

"ఆయనకు ఈత అస్తది. నీకస్తదా?"

"రాదు. గాయనకు నౌకరి అయిందా లేదా?"

"అయింది."

"మరింకేంది?"

పేరు మార్చి కొట్టిచ్చేశాను. ఆ తర్వాత వరస కట్టారు. ఒకే ఒక్కసారి నేను సొంత బుద్ధి వాడాను. ఒక టైలరు కాగితంలో స్విమ్మింగ్ తీసేసి పాటలు వినడం అని పెట్టాను. పాపం, ఆయనకు ఉద్యోగం రాలేదు. మర్నాడు దుకాణం ముందు పెద్ద లొల్లి. "అందరికి ఈత వెట్టినవ్, నాకెందుకు దీసేసినవ్? నేనేం పాపం జేసిన?" అని నిలదీశాడు. గల్లీ జనమంతా చేరి పంచాయితీ చేసి తప్పు నాదేనని తేల్చారు. భాయ్ కూడా కళ్లద్దాల పైనుంచి చూసి, "హాత్ కైకూ లగాయే జీ?" అన్నాడు. దాని మీద చెయ్యెందుకు పెట్టావయ్యా అని.

ఇక చెయ్యి పెట్టలేదు. ఆ ఫైలుకు 'లక్కీ' అని పేరు పెట్టి కంప్యూటరు తెరవగానే కనపడేలా ఉంచుకున్నాను. పేరు, తండ్రి పేరు, అడ్రసు, చదువు, ఫోటో మార్చడం, ప్రింటు తీయడం, ఇంతే. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో మా దుకాణం పేరూ ఫోన్ నంబరూ ఉండేవి. అది పబ్లిసిటీ కోసం భాయ్ చేసిన ఏర్పాటు. కొందరికి ఉద్యోగాలు కూడా వచ్చాయి, అబద్ధం చెప్పకూడదు. వచ్చినవాళ్లు మిఠాయి తెచ్చారు, రానివాళ్లు నసీబును తిట్టుకున్నారు. ఏ రకంగా చూసినా నా మీదికి మాట రాలేదు. వాచ్‌మన్లు, ఏసీ మెకానిక్కులు, గాజుల కొట్టు సేల్స్‌మన్లు, అందరికీ ఈత వచ్చు, అందరూ ఫోటోలు తీస్తారు, అందరూ సంస్థతో పాటు ఎదుగుతారు. నేను నిజంగానే గర్వపడేవాణ్ని. కాలర్ ఎత్తి తిరిగానంటే నమ్మండి.

రిటైర్మెంటుకు రెండు మూడేళ్ల ముందు, జల్‌పల్లి వైపు కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మనుషులు కావాలని కబురొచ్చింది. గేటు దగ్గరికి, లిఫ్టు దగ్గరికి, వార్డుల్లోకి, ఇంకా దుప్పట్లూ సామాన్లూ చూసే స్టోరుకు ఒక ఇంచార్జి. మా గల్లీల నుంచి తొమ్మిది మంది బయల్దేరారు. తొమ్మిది కాగితాలూ ఒకే సాయంత్రం నా చేతుల మీదుగానే తయారయ్యాయి.

ఆ తొమ్మిది మందిలో స్టోరు పని కోసం వెళ్తున్నది ఒక్క ఆడమనిషి. నలభై దాటిన ఇల్లాలు, మా ఇంటి వెనక వీధే. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. వాళ్లది ఒకప్పుడు పాల వ్యాపారం చేసిన ఇల్లు, బర్రెలు అమ్మేశాక భర్త ఆటో పట్టాడు. ఈమె పన్నెండేళ్లుగా ఒక ఫంక్షన్ హాల్లో వంటసామాన్ల గది చూసేది. పెళ్లికి దేగ్‌లు అనే పెద్ద బిర్యానీ గిన్నెలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు ఇవ్వడం, పెళ్లి అయ్యాక లెక్క చూసుకుని లోపల పెట్టి తాళం వేయడం ఆమె పని. ఆ హాలు అమ్ముడుపోయింది, నెలాఖరుకు మూసేస్తున్నారు. భర్తకు నడుము పట్టేసి ఆటో అప్పటికే రెండు నెలలుగా ఇంటి ముందు దుమ్ము పట్టి ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలో ఎవరికీ తెలియదు. అది నాకూ తెలుసు. తెలిసే చేశాను, అదే నా బాధ.

"అన్నా, నేనెన్నడు గిసొంటి కాయితం వెట్టలే. నాకేమొస్తదని రాస్తవ్?" అంది.

"ఫికర్ జెయ్యకు చెల్లె. మన దగ్గర లక్కీ ఫార్మాట్ ఉన్నది."

"హాల్ల నేనేమేం జేస్తనో జెప్పాలెనా?"

"అక్కెర లేదు. ఫోటో ఇయ్యి."

ఇవి అక్షరాలా నేను అన్న మాటలే. ఇప్పుడు రాస్తుంటే నన్ను నేను ఒక్కటి పీకాలనిపిస్తోంది.

ఇంటర్వ్యూలో జరిగింది తర్వాత లిఫ్టు పనికి వెళ్లినవాడు చెప్పాడు. ఇంటర్వ్యూ చేసింది ఒక మేడం. మొదటివాణ్ని చూసి, "స్విమ్మింగా? మంచి అలవాటే" అందట. రెండోవాడితో, "మీకు కూడానా?" అందట. మూడోవాడు గేటు పనికి వచ్చిన పెద్దాయన, అరవైకి దగ్గరపడ్డ మనిషి. "ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే ఆయన బెదిరిపోయి, "చార్మినార్ కాడ మేడం" అన్నాడట. నాలుగోవాడిని మేడం ఈత సంగతి వదిలేసి, "ఫోటోగ్రఫీ అని రాశారు, ఏ కెమెరా?" అని అడిగింది. మా వాడు కొంచెం ఆలోచించి, "జిరాక్సు మేడం" అన్నాడు.

మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్విందట. తర్వాత మిగిలిన కాగితాలు తెప్పించి బల్ల మీద వరసగా పరిచింది. తొమ్మిదింటి మీదా అదే ఈత, అదే కెమెరా, అడుగున అదే దుకాణం పేరు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఇదేదో దొంగ కాగితాలు తయారుచేసే ఏజెన్సీ అనుకుని, "ఈ షాపు నుంచి వచ్చినవాళ్లెవరూ వద్దు, పంపించేయండి" అంది. చెల్లెది తొమ్మిదో నంబరు. ఆమెను లోపలికి కూడా పిలవలేదు.

సాయంత్రం ఆమె దుకాణం మెట్టు ఎక్కి, నేను ఇచ్చిన కాగితాన్ని కీబోర్డు మీద పెట్టింది.

"లోపలికి పిలిచి, నీకేం రాదని ఎల్లగొడితె నాకింత బాధ లేకపోవన్నా. పిలువనే లే. పొద్దుగాల సంది కుర్చీల కూసోని లేసొచ్చిన."

"చెల్లె, అందరికి గదే వెడుతున్న ఇన్నేండ్ల సంది..."

"అందరికి గదే వెడితె అది సీవీ ఎట్లయితది? పెండ్లికార్డయితది. పన్నెండేండ్లు స్టోర్ నడిపిన. ఏం జేస్తవ్ చెల్లె అని ఒక్క ముచ్చట అడిగినవా నన్ను? నేను జెప్తనన్నా ఇనలే."

పెళ్లికార్డులు సర్దుకుంటున్న భాయ్ చెయ్యి ఆగింది. "బాత్ తో సహీ హై" అన్నాడు మెల్లగా, ఆమె మాట నిజమేనని. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన నన్ను గిరాకీ ముందు తప్పు పట్టడం అది రెండోసారి. నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ముందు టైలరు మీద, తర్వాత దుబాయ్ పోయినాయన మీద, చిట్టచివరికి సరైన మనిషి మీద.

లక్కీ మూసేసి ఖాళీ పేజీ తెరిచాను. అట్లాంటిది తెరిచి ఎన్నేళ్లయిందో, ఏ కొసన మొదలుపెట్టాలో తోచలేదు.

"కూసో చెల్లె. ఇప్పుడు జెప్పు, స్టోర్ల ఏం జేస్తవ్?"

చెప్పడం మొదలుపెట్టింది. గంటసేపు చెప్పింది. రెండు వేల చెంచాలను ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే వంటవాళ్ల బండి వెళ్లిపోతుంది, పోయిన చెంచాను ఎవరిని అడగాలి? అందుకని ఆమె వందేసి కట్టలు కట్టి తూకం వేస్తుంది. వంద ఎంత తూగాలో ఆమెకు తెలుసు, ఒక్కటి తగ్గినా తరాజు చెప్పేస్తుంది. తడి ఉంటే తూకం తప్పుతుందని ముందు ఆరబెడుతుంది. కొత్త చెంచాలు వచ్చినప్పుడు పాతవాటిలో కలపదు, బరువు తేడా వస్తుందని. నేను టైపు చేయడం ఆపి వింటూ కూర్చున్నాను. ఇట్లాంటి మనిషికి నేను ఈత నేర్పాను!

"ఆబ్జెక్టివ్ ఏం వెడదాం?" అన్నాను.

"అంటే?"

"నీకేం గావాలె అని."

"నౌకరి గావాలె. ఇంకేం గావాలె?"

స్టోరు ఇంచార్జి ఉద్యోగం కావాలి అని ఒక్క లైను కొట్టాను. హాబీలు అడిగితే, "పని అయినంక ఇంటి పని, ఇంక గాటికే" అంది. ఆ భాగం పూర్తిగా ఎత్తేశాను. అసలు గొడవ చివర్లో వచ్చింది. ఆమె ఇంకో లైను రాయమంది: పన్నెండేళ్లలో తక్కువపడినవి, చెంచాలు నాలుగు, గరిటె ఒకటి.

"ఇది రాయను" అన్నాను. "ఎవలన్న తమ తప్పు తామే రాసిచ్చుకుంటరా?"

"పోయినయి పోయినట్టే రాయాలె. నా రిజిస్టర్ల గట్లనే ఉన్నది. కాయితంల ఒక తీరు, రిజిస్టర్ల ఒక తీరు ఉంటదా?"

"చెల్లె, నీకు దండం బెడత. సీవీల మంచియే రాస్తరు."

భాయ్ మధ్యలో దూరి తన పిండీ ఉప్పూ సూత్రం ఎత్తుకున్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి, "భాయ్, గా నాలుగు చెంచాలే ఉప్పనుకో" అంది. నేను టైపు చేశాను. మొత్తం కలిపి అర పేజీ కూడా రాలేదు. అక్షరాలు పెద్దవి చేద్దామని భాయ్ అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఆ దుకాణంలో చేరినప్పటి నుంచి పనివేళల్లో నేను కుర్చీ వదిలింది అదే మొదటిసారి అనుకుంటా. రిసెప్షన్లో దుకాణం పేరు చెప్పగానే ఆ అమ్మాయి పక్క అమ్మాయి వైపు చూసి నవ్వు బిగబట్టుకుంది. మా ఖ్యాతి అప్పటికే అంతస్తులు ఎక్కిందన్నమాట. గంటన్నర కూర్చోబెట్టాక మేడం పిలిచింది.

"మీరేనా స్విమ్మింగ్ మాస్టర్?" అంది నన్ను చూసి.

దారి పొడుగునా ఇంగ్లిషులో తయారుచేసుకున్న క్షమాపణ అంతా గాలికి పోయింది. "మేడం, నాది ఏజెన్సీ కాదు. నేను దొంగను గూడ కాదు, బద్ధకస్తుణ్ని. ఒక్క కాయితం రాసి అందరికి అంటగట్టిన. నన్ను తిట్టండి, ఈమెతోని ఐదు నిమిషాలు మాట్లాడండి" అన్నాను.

మేడం గడియారం చూసుకుని చెయ్యి చాపింది. అర పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుంది? చివరి లైను దగ్గర ఆగింది.

"గరిటె ఎట్లా పోయింది?"

"బిర్యానీ వండేటోళ్ల సామాన్ల గలిసి పోయింది మేడం. ఏడాదినర్దం ఎంకులాడి దొరికిచ్చుకున్న. గని అది వంగిపోయింది, పనికిరాదు. అందుకే పోయినట్టే రాసుకున్న."

మేడం కాగితం కింద పెట్టింది. ఇప్పుడు ఆమెనే చూస్తోంది.

"ఇక్కడ చెంచాలు కాదమ్మా, దుప్పట్లు. వాటిని కూడా తూకం వేస్తారా?"

"దుప్పట్లు తూకానికి అక్కెరకు రావు మేడం. కొత్తదొక తీరు, ఉతికి ఉతికి సన్నవడ్డదొక తీరు తూగుతది. పదేసి కట్టలు గట్టి, మడత మూలలన్ని ఒక్క దిక్కు వెడితె దూరం నుంచే లెక్క తెలుస్తది. మీ తాన ఎట్ల వెడుతున్నరు?"

మేడం తన పక్కన కూర్చున్న ఆఫీసాయన వైపు చూసింది. ఆయన ఫైలు వైపు చూశాడు. అక్కడ దుప్పట్లు ఎట్లా పెడుతున్నారో నాకు అర్థమైపోయింది.

"రేపటి నుంచి రాగలరా? మాకు అర్జెంటు" అంది మేడం.

నేను కుర్చీలోంచి సగం లేచాను కూడా. చెల్లె కదల్లేదు.

"రేపు రాలేను మేడం. నెలాఖరు దాంక హాల్ల ఇంకో మూడు పెండ్లిలున్నయి. అవి అయినంక సామానంత లెక్కజెప్పి తాళం అప్పజెప్పాలె. ఒకటో తారీకు పొద్దుగాల అస్త."

బతిమాలి తెచ్చిన ఉద్యోగం, మూసేయబోయే హాలు కోసం చేజేతులా వదులుకుంటోంది! బల్ల కింద నుంచి ఆమె చెప్పును నా చెప్పుతో తొక్కాను. ఆమె కాలు తీసి పక్కకు పెట్టుకుంది. మేడం పెన్ను తీసి ఆ అర పేజీ మీద, మా దుకాణం పేరు పక్కనే, ఒకటో తారీకు అని రాసి సంతకం పెట్టింది.

చెల్లె దండం పెట్టి బయటికి నడిచింది. నేనూ వెనకాలే లేచాను, ఈసారి మిఠాయి నేనే కొనాలని మనసులో లెక్కలు వేసుకుంటూ. మేడం ఆపింది.

"ఇది కూడా మీరే టైపు చేశారా?"

"అవును మేడం."

"ఎంతసేపు పట్టింది?"

"గంట మేడం. గంటకు పైనే."

"మిగతా ఎనిమిది మందికి ఆ గంట దొరకలేదా?"

ఆవిడ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. వాళ్ల కాగితాలు ఎప్పుడు తయారైతే అప్పుడు పంపించండి, చూస్తాను అంది.

మర్నాటి నుంచి దుకాణం మూశాక నోటుపుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ తిరిగాను. ఇద్దరు గుమ్మంలోనే తిట్టారు, పడ్డాను. లిఫ్టు పనివాడు నవ్వుతూనే అరగంట చెప్పాడు. ఒకడైతే కొత్తది వద్దే వద్దన్నాడు, "లక్కీదే కొట్టన్నా, గీసారి ఇంకో మేడం దగ్గర్కి పోత" అని. చివరికి గేటు పనికి వెళ్లిన పెద్దాయన ఇల్లు మిగిలింది. ఆయన అరుగు మీద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. నా దగ్గర కాగితాలు కొట్టించుకున్నవాళ్లలో అందరికంటే పాత గిరాకీ. ఆయన కాగితం ఎన్నిసార్లు ప్రింటు తీశానో లెక్కలేదు, ఆ చేతులు ఏం పనిచేశాయో మాత్రం నాకు తెలియదు.

"పెద్దన్నా," అన్నాను, "ఇన్నేండ్లు ఏమేం పనులు జేసినవో జెప్పు, రాసుకుంట."

ఆయన నా మొహం కేసి, నా నోటుపుస్తకం కేసి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మంచం మీద ఒక పక్కకు జరిగి, చేత్తో చోటు తుడిచాడు.

"కూసో," అన్నాడు. "మస్తుగున్నది చెప్పేటిది."